క్రీము కింద నలుపు

మా ఇంటి దేవతకు నలుపు గిట్టదు. వందల ఏళ్ళ కిందట మావాళ్ళు తెలుగుదేశం వదిలి దక్షిణానికి పారిపోయి వస్తుంటే, నల్ల కంబళి కప్పుకున్న ఆడపిల్ల ఒకతి దారిలో నిద్రపోయిందట. చీకట్లో కంబళి కనబడక మావాళ్ళు ఆ పిల్లను అక్కడే వదిలేసి నడిచారట. ఆ పిల్లే దేవతై, ఇకమీదట నలుపు నా కంట పడితే మీ వంశం నిలవదని ఆన పెట్టిందట. చిన్నప్పుడు ఈ కథ వినగానే నాకొక అనుమానం వచ్చింది. పిల్లను మరిచిపోయి వచ్చింది మనుషులు. శిక్ష కంబళికెందుకు పడింది? ఈ మాట అడిగినందుకు మా అమ్మ నా నెత్తిన మొట్టికాయ వేసింది.

ఆనాటి నుంచి నల్ల చీర, నల్ల గొడుగు, నల్ల కోడి మా గడప దాటి లోపలికి రావు. తమాషా ఏమిటంటే మా పొలాలు నల్లరేగడి, మా ఒళ్ళు అంతకంటే నలుపు. మా నాయన నెలకోసారి తలకు నల్లరంగు పూసుకుంటాడు. ఇంట్లో టీవీ నలుపు, అందరి చేతుల్లో ఫోన్లు నలుపు. అదేమని అడిగితే అవి దేవత కాలంలో లేవు కాబట్టి లెక్కలోకి రావంటారు. నల్ల మేకపోతు కూరలోకి దిగాక దాని రంగు ఎవరూ అడగరు.

అలాంటి ఇంట్లో మా తాత కొన్న అంబాసిడర్ కారు ఒకటి పత్తి గోడౌన్లో మూలన పడి ఉండేది. మా ఊరు తమిళదేశంలో, కయత్తారు దగ్గర. మిద్దె ఎక్కితే గాలిమరలు తప్ప ఇంకేమీ కనబడవు. తాత పోయాక ఆ కారును అమ్మడానికి మనసొప్పక, నడపడానికి ఓపిక లేక మా నాయన ఒక పాత దుప్పటి కప్పి వదిలేశాడు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి, అవి కూడా తెల్లకోళ్ళే. రెండేళ్ళ కిందట నాయనకు మోకాళ్ళ ఆపరేషనైంది. మంచంలో పడుకుని ఏం ఆలోచించాడో ఏమో, కర్ర పట్టుకుని లేచి నడవగానే కారును బాగుచేయించాలన్నాడు. శివరాత్రి వచ్చే మాసి నెలలో జరిగే ఇంటి దేవత పూజకు తాత పోయినట్టే ఆ కారులో పోవాలి. తాత నాటి రంగుతోనే పోవాలి.

నేను కోవిల్‌పట్టిలో ఒక బడిలో లెక్కలు చెప్తాను. బాగుచేసే షెడ్డు కోవిల్‌పట్టి బైపాస్ పక్కన ఉంది కాబట్టి కారు బరువంతా నా నెత్తిన పడింది. ఇంజన్‌తో పెద్ద చిక్కు రాలేదు, దానికి కావలసిన సామాను మదురైలో ఇంకా దొరుకుతుంది. చిక్కంతా రంగుతో వచ్చింది.

మా తరం చూసిన కారు తెల్లటిది. దానికి ముందు మా చిన్నాయన కొన్నాళ్ళు నీలం వేయించాడు, ఎందుకు వేయించాడో ఆయనకే తెలియదు. దానికి ముందు, తాత చేతిలో ఉన్నప్పుడు, క్రీము. అదే అసలు రంగని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ క్రీము అన్నదే ఎవరికీ తెలియదు. కారు కాగితాలు ఏనాడో చెదలు తినేశాయి. పాత ఫోటోల్లో కారు, తాత, అవ్వ, వెనకనున్న గోడ, అంతా ఒకే బూడిద రంగు. నాయన ఫోన్లో మా కుటుంబం గ్రూపులో అడిగాడు. ఒకాయన పాయసం ఫోటో పంపాడు. ఇంకొకాయన మజ్జిగ రంగన్నాడు. గట్టి మజ్జిగా నీళ్ళ మజ్జిగా అని మూడో ఆయన అడిగాడు. కోయంబత్తూరులో ఉన్న మా వదిన తన పట్టుచీర ఫోటో పెట్టింది. ఆ తర్వాత రెండు రోజులు అందరూ ఆ చీర ఎక్కడ కొన్నావని అడిగారే తప్ప కారు ఊసెత్తలేదు.

షెడ్డులో రంగు మేస్త్రికి తన మీద తనకు కొండంత నమ్మకం. అంబాసిడర్ క్రీము తన అత్తగారి ముఖం కంటే బాగా గుర్తుందని తమిళంలో సెలవిచ్చాడు. అయినా చూపిస్తానని తలుపు మీద అరచేయంత చోటు ఎంచుకుని, ఉప్పుకాగితాన్ని నీళ్ళలో ముంచి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. పాత బండి రంగు అలా రుద్దితే ఒక్కో పూత ఒక్కో వలయంగా బయటపడుతుంది. తెలుపు పోయి నీలం వచ్చింది. నీలం పోయి క్రీము వచ్చింది. నాయన కర్ర ఎత్తి "అదిగో" అన్నాడు. మేస్త్రి కూడా "అదిగో" అన్నట్టు మీసం తిప్పాడు, ఆ రంగును తానే కన్నట్టు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. మాకు కావలసింది కనబడింది కాబట్టి రుద్దడం ఆపేశాం. మావాళ్ళు ఏ పనైనా అక్కడే ఆపుతారు.

అయితే తలుపు మీది క్రీము ఎండకు వెలిసిపోయి ఉంటుంది. మొదట్లో ఎలా ఉండేదో తెలియాలంటే వెలుతురు సోకని చోట చూడాలి. డిక్కీ లోపల లైటు తీగలను కప్పుతూ మరలతో బిగించిన చిన్న రేకు ఒకటి దొరికింది. దాని మీద క్రీము వెన్న ముద్దలా ఉంది. మేస్త్రి దాన్ని చూసి, తాను చెప్పింది ఇదేనన్నాడు. నాకు ఆయన కన్ను మీద నమ్మకం లేదు. విరుదునగర్‌లో ఒక పెయింటు కొట్టు ఉంది. అక్కడి యంత్రం రంగును చూసి అందులో ఏమేం ఎంతెంత కలపాలో చెప్తుంది. ఆ రేకు తీసుకుని అక్కడికి పోదామన్నాను. పైగా మా అత్త ఉండేది విరుదునగర్‌లోనే. ఆ కారు మా ఇంటికి వచ్చిన రోజున కళ్ళారా చూసినవాళ్ళలో ఇంకా బతికున్నదీ, అప్పటికి బుద్ధి తెలిసినదీ ఆమె ఒక్కతే. ఆమెనూ తీసుకుపోయి చూపిస్తే ఇక ఎవరూ పాయసం ఫోటోలు పంపరు. నాయన సరేననలేదు, వద్దనీ అనలేదు. కిటికీ వైపు చూశాడు.

అత్త పేరెత్తితే నాయన ఎప్పుడూ అంతే. అత్త నాయనకు అక్క, ఆయన కంటే చాలా పెద్దది. కారు కొన్న ఏడాది ఆమె కోవిల్‌పట్టిలో చదువుకునేది. బడి పండగలో కోలాటం ఆడే ఆడపిల్లలందరికీ నల్ల పావడలు కుట్టించారట. ఇంట్లో చెబితే ఆడనివ్వరని అత్త చెప్పలేదు. స్నేహితురాలి ఇంట్లో కట్టుకుని, ఆడి, మడిచి పుస్తకాల సంచిలో దాచుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మా అవ్వకు జ్వరం తగిలింది. ఊళ్ళో ఇంకా చాలామందికి తగిలింది గాని మిగతావాళ్ళకు తగ్గింది. అవ్వ పోయాక ఇల్లు సర్దుతుంటే పావడ బయటపడింది. తాత దాన్ని పెరట్లో తగలబెట్టి, కర్మకు వచ్చిన బంధువులందరి ముందు అత్తతో అన్నాడట, "మీ అమ్మను తిన్నది నీ పావడే" అని. ఆ మాట ఆయన మళ్ళీ అనలేదు. అనాల్సిన పని లేకుండా మిగతావాళ్ళు అందుకున్నారు.

మాసి పూజలో దేవతకు మొదటి పొంగలి కుండ ఇంటి పెద్దాడపడుచు పెట్టాలి. అది మా వంశంలో ఆడవాళ్ళకున్న ఒకే ఒక్క అధికారం. అత్తకు ఆ కుండ ఒక్క ఏడాది కూడా ఇవ్వలేదు. మొదట తాత చెల్లెలు పెట్టేది, ఆమె పోయాక మా చిన్నత్త పెడుతూ వచ్చింది. అత్త మాత్రం ప్రతి ఏడూ విరుదునగర్ నుంచి బస్సులో వచ్చి, గుడి బయట వేపచెట్టు కింద కూర్చుని, వచ్చేపోయే బంధువుల మీద జోకులేసి, ప్రసాదం తిని వెళ్ళిపోయేది. ఆ జోకుల కోసమే పిల్లలం ఆమె చుట్టూ చేరేవాళ్ళం. నాకు నోరెక్కువని మావాళ్ళు అంటారు. అది ఆ వేపచెట్టు కింద అబ్బిన విద్యే.

తల్లి పోయినప్పుడు నాయన గోచీ సరిగా కట్టుకోలేని పిల్లాడు. ఆయనకు అన్నం కలిపి పెట్టి, తల దువ్వి, బడికి పంపింది అత్తే. అయినా కుండ మాట వస్తే నాయన గోడకేసి తిరిగేవాడు. అమ్మ లేని పిల్లాడికి ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి కాబోలు. ఆ కోపం పెంచిన చేతి మీదే పెట్టుకున్నాడని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఆయనతో నేను పోట్లాడిన పోట్లాటలన్నీ చివరికి అక్కడికే వచ్చి ఆగేవి.

విరుదునగర్‌లో అత్త మాకంటే ముందే తయారై వాకిట్లో కూర్చుని ఉంది. క్రీము రంగు గుర్తుందా అని అడిగితే, మీ తాత ముఖం కంటే ఆ కారునే ఎక్కువ చూశాను, ఆయన దాన్ని అంత దగ్గరికి రానిచ్చేవాడు, మమ్మల్ని రానిచ్చేవాడు కాదు అంది. దారిపొడవునా నాయన మోకాళ్ళను కొత్త కారు విడిభాగాలతో పోల్చి ఏడిపించింది. నాయన నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు.

కొట్టులో చల్లటి అద్దాల గదిలో ఇస్త్రీపెట్టె అంత యంత్రం ఒకటి పెట్టుకుని కుర్రవయసు దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. రేకును అత్త చేతికిచ్చాను. కళ్ళద్దాలు పైకి నెట్టి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఎండలోనూ నీడలోనూ తిప్పి చూసి ఇదే రంగని చెప్పింది. నాయన ముఖం విప్పారింది. కొట్టాయన రేకు మీది జిడ్డు పోవడానికి తిన్నర్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా తుడిచాడు. అంచున క్రీము పెచ్చుగా లేచి వచ్చింది. దాని కింద నిగనిగలాడుతూ నలుపు ఉంది.

ఆయన తమిళంలో మామూలుగా, కూరగాయల బేరమాడినట్టు చెప్పుకుపోయాడు. ఇది మొదటి పూత కాదట. మొదటిది నలుపట. దాన్ని రుద్దకుండా, గరుకు చేయకుండా ఎవరో తొందరలో క్రీము కొట్టేశారట, అందుకే పట్టు దొరక్క ఊడుతోందట. ఇప్పుడు మీకు పైదా కిందిదా, ఏది కావాలని అడిగాడు. నాయన కింద ఉన్నది రంగుకు ముందు పూసే ప్రైమరై ఉంటుందన్నాడు. ప్రైమరు ఇలా మెరవదని ఆయనన్నాడు.

అత్త రేకు తీసుకుంది. బొటనవేలి గోరు పెట్టి గీరింది. వేయించిన వేరుశెనగ గింజ పొట్టులా క్రీము ఊడి వచ్చింది. ఇంకొంచెం గీరింది. కొట్టాయన వద్దని చేయి ఎత్తబోయి, ఆమె ముఖం చూసి దించేశాడు. రేకంతా నల్లగా అయ్యేదాకా గీరి, పెచ్చులను దులిపి, రేకును నాయన ఒళ్ళో పెట్టింది. మేము బయట అందరితో తమిళమే మాట్లాడతాం. గుట్టు మాట్లాడాల్సి వస్తే మా ఇంటి తెలుగులోకి దిగుతాం. అందులో బండిని వండి అంటాం. అత్త గొంతు తగ్గించకుండానే తెలుగులోకి దిగింది.

"ఇదేం రంగురా?"

నాయన కొట్టాయన వైపు చూశాడు.

"నోరు తెరువు. ఏం రంగు?"

"నలుపక్కా."

"వండి మన ఇంటికొచ్చింది ముందా, నా పావడ ముందా?"

నాయన ఆ రేకును బోర్లించి, ముందొచ్చింది వండేనన్నాడు.

"నా పావడ మూడు గజాల గుడ్డ. ఈ వండి ఎన్ని గజాలుండును?"

నాయన తేరుకుని ఏదో అనబోయాడు. తాతకు తెలిసి ఉండదేమో, ఎవరో క్రీము వేసి అమ్మి ఉంటారేమో అన్నాడు. ఆ మాట ఆయనే నమ్మలేదు. ఆ రోజుల్లో కారు కావాలంటే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. తన వంతు వచ్చేసరికి దొరికింది నల్లది. వద్దంటే మళ్ళీ ఎప్పుడో. మా తాత వద్దనే రకం కాదు. దారిలో ఎక్కడో ఆపి, రుద్దే ఓపిక కూడా లేకుండా పైపైన క్రీము కొట్టించి, దేవతకు హారతిచ్చి ఇంట్లోకి తోలుకొచ్చాడు. ఇందులో కొంత మా ఊహే. కానీ నలుపు మీద అంత తొందరగా రంగు పుయ్యాల్సిన అవసరం మా దేవత ఉన్న ఇంటివాడికి కాక ఇంకెవరికి ఉంటుంది? కొట్టాయన మళ్ళీ క్రీమా నలుపా అని అడిగాడు. మళ్ళీ వస్తామని చెప్పి లేచాం.

అత్త ఆకలేస్తోందంది. నూనెలో వేయించిన పరోటాకు పేరుపడ్డ ఊరు అది, బస్టాండు దగ్గర ఒక కొట్లో కూర్చున్నాం. నాయన ముందు పరోటా చల్లారిపోయింది. అత్త తనది కరకరా నమిలి తిని, నాయనది కూడా సగం తుంచుకుంది. పూజకు వచ్చే బంధువులు అడిగితే ఏం చెప్పను, నాయన పరువేం కావాలి, పైగా సామి ఆన ఉందే అని నాయన గొణిగాడు. ఆ నాయన అన్నది వాళ్ళ నాయన, మా తాత.

"ఏటేటా ఈ వండిలోనే గదరా సామి దగ్గరికి పొయ్యింది మీరు? సామికి క్రీము దాకానే కండ్లు కనబడునా?" అంది అత్త.

తర్వాత చేయి తుడుచుకుంటూ, నీ వండి, నీ ఇష్టం, కానీ దాని మీద మళ్ళీ క్రీము వేస్తే ఇక తనను పూజకు పిలవొద్దంది. అరవలేదు. జోకూ వెయ్యలేదు. ఆమె ప్రతి ఏడూ ఆ వేపచెట్టు కింద ఏమాశించి వచ్చి కూర్చునేదో నాకప్పుడు తెలిసింది. ఎవరో ఒకరు వచ్చి లోపలికి రమ్మంటారని వచ్చేది.

తిరిగి వచ్చాక నాయన కారు ఊసెత్తలేదు. మేస్త్రి రోజూ ఫోన్ చేసి క్రీము కలపమంటారా అని నా బుర్ర తిన్నాడు. ఇంట్లో మా అమ్మ, ఎవరికీ తెలియకుండా క్రీమే వేసేస్తే గొడవ ఉండదుగా అంది. మా వంశంలోకి కోడలిగా వచ్చి ఆమె బాగానే నేర్చుకుంది. నేను నాయనతో పోట్లాడదామని రెండుసార్లు వెళ్ళాను. ఆయన ముఖం చూసి పోట్లాడబుద్ధి కాక కాఫీ తాగి వచ్చేశాను. జీవితంలో అదే మొదటిసారి.

ఒక ఆదివారం పొద్దున నాయనే షెడ్డుకు వచ్చాడు. నన్నూ రమ్మని కబురు చేశాడు. కారు వెనక సీటు మొత్తం ఊడదీయమన్నాడు. సీటు వెనక రేకు మీద దుమ్ము, కోడి ఈకలు తుడిస్తే కింద నలుపు బయటపడింది. అక్కడ క్రీము తగలనే లేదు. ఎవరు చూడొచ్చారని ఆ తొందరలో అక్కడిదాకా కొట్టలేదు. నాయన ఒక టైరు మీద కూర్చుని దాన్ని చూస్తూ నాకొక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు ఆయన మేకుతో ఆ కారు మీద మేక బొమ్మ గీయబోయాడట. ఒక కాలు గీశాడో లేదో తాత వచ్చి పట్టుకున్నాడు. తాత ఆయన్ని కొట్టింది అప్పుడొక్కసారే. వాతలు తేలేలా కొట్టాడు. అడ్డం వచ్చిన అత్తకూ తగిలాయి. అదే పూట డ్రైవరును పిలిచి గీత మీద రంగు పూయించాడు. కారంటే అంత ప్రాణం కాబోలని నాయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

"గీసినందుకు గాదు కొట్టింది," అన్నాడు నాయన. "గీతలో ఏం కనబడిందో అందుకు."

కర్ర అందుకుని లేస్తూ, నలుపే వెయ్యమని చెప్పు అన్నాడు. నేను మేస్త్రికి తమిళంలో చెప్పాను. ఆయన తనకు మొదటి రోజు నుంచీ నలుపు మీదే అనుమానమన్నాడు.

నలుపు కదా, డబ్బా తెచ్చి కొట్టడమే అనుకున్నాను. నల్ల గొడుగును ఇంట్లోకి రానివ్వని మా నాయన నలుపుల్లో పండితుడైపోయాడు. మేస్త్రి ఒక రేకు ముక్క మీద కొట్టి చూపిస్తే ఇందులో నీలం ఉందన్నాడు. నిజమే, సీటు వెనక రేకు పక్కన పెట్టి ఎండలో చూస్తే నీలం జీర తెలిసింది. రెండోదాంట్లో ఎరుపు ఎక్కువన్నాడు. అదీ నిజమే, పాతదాని పక్కన అది కాఫీ డికాషన్‌లా ఉంది. మూడోది గొడుగు నలుపట. ఆయనకు కావలసింది వాన పడ్డ మర్నాటి రేగడి నలుపు. సీటు వెనక రేకు కోసుకుని విరుదునగర్‌కు మళ్ళీ వెళ్ళాం. యంత్రం చెప్పిన పాళ్ళలో కలిపి, ముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, పక్కన పెట్టి, ఎండలో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూసి, చివరికి రెండింటి మధ్య గీత ఎక్కడో తెలియనప్పుడు ఒప్పుకున్నాడు. కొట్టాయన మా నాయనను చూసి, ఇంత నలుపు పిచ్చి ఉన్న మనిషిని తాను చూడలేదన్నాడు. నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్ళాను. ఈసారి పాత రంగులన్నీ రేకు దాకా గీకించి, మళ్ళీ ఊడకుండా గరుకు చేయించి మరీ వేయించాడు.

మాసి పూజ రోజు పొద్దున్నే విరుదునగర్ వెళ్ళి అత్తను ఎక్కించుకున్నాం. ఆమె నల్లంచు నేతచీర కట్టుకుని ఉంది. ఎప్పుడు కొన్నదో, ఎన్నాళ్ళు పెట్టెలో దాచిందో నేనడగలేదు. ముందు సీటులో కూర్చుని, సాత్తూరు దాటేదాకా సీటు అంచును చేత్తో నిమురుతూ ఉంది. ఆ తర్వాత, మీ తాత ఈ సీటులో నన్ను కూర్చోనిచ్చింది లేదంది.

గుడి ముందు కారు దిగేసరికి వంశం మొత్తం వంటపాత్రలు వదిలేసి వచ్చి నిలబడింది. ఒక పెద్దావిడ చెంపలు వేసుకుంది. చిన్నాయన తన నీలమే బాగుండేదన్నాడు. పూజారి మా వంశంలో పెద్దవాడే, బయటి మనిషి కాదు. ఆయన తల గోక్కుని, దేవత తూర్పుకు తిరిగి ఉంది కదా, కారును గుడి వెనక పెడితే కంట పడదు కాబట్టి ఆన తప్పినట్టు కాదన్నాడు. అందరూ హమ్మయ్య అన్నట్టు తలలూపారు. నాయన డ్రైవరుతో చెప్పి కారును సరిగ్గా దేవతకు ఎదురుగా పెట్టించాడు. బానెట్టు మీద చందనం, కుంకుమ బొట్లు తన చేత్తోనే పెట్టాడు. నలుపు మీద అవి అందంగా ఉన్నాయి.

తర్వాత వంశానికంతా వినబడేలా చెప్పాడు. ఇదే మా నాయన కొన్న రంగు, క్రీము పైన పూసింది. ఈ నలుపు ఇంటికి వచ్చాకే మా అక్క పావడ కట్టింది. అంతే చెప్పాడు. తాత ఆనాడు ఆ మాట అన్నప్పుడు విన్నవాళ్ళలో ముగ్గురో నలుగురో ఇంకా ఉన్నారు. వాళ్ళు నేలకేసి చూశారు. నాకు వాళ్ళ మీద జాలి కలగలేదు.

నాయన చిన్నత్త దగ్గరికి పోయి పొంగలి కుండ అడిగాడు. ఆమె ఇచ్చేసింది, బరువు దిగినట్టే ఇచ్చింది. అప్పటికే అత్త అలవాటుగా వేపచెట్టు వైపు నడుస్తోంది. నాయన కర్ర పక్కన పడేసి, కుండ రెండు చేతులా పట్టుకుని, కుంటుకుంటూ ఆమె వెనక పోయాడు.

"అక్కా, అమ్మ పొయ్యింది నీవల్ల గాదు."

అత్త కుండ అందుకుంది.

"అది నాకు ఆ దినమే తెల్సురా. నీకు తెలిసేదానికే ఇన్నేళ్ళు కాచుకోనుంటిని."

ఇద్దరూ కలిసి మొదటి పొయ్యి దగ్గరికి వచ్చారు. అత్త రాళ్ళ మీద కుండ సరిగ్గా కూర్చోబెట్టింది. నాయన వంగలేక వంగి కింద పుల్లలు పేర్చాడు. పొగకు కళ్ళు మండుతున్నాయని ఇద్దరూ తుడుచుకున్నారు. పొయ్యి ఇంకా అంటించలేదు.